రంగం రేవులో మూడు రోజులు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. 1971లో ఎల్.డి.సి.గా చేరి 2007లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పై ఆరేళ్లలో నేను రాసినదల్లా ఫైళ్ల మీద నోట్లే. ఇది కూడా కాస్త నోటులాగే ఉంటుంది. పెద్దలు మన్నించాలి.

సింగపూరు కాదు, రంగం

2018లో సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా అబ్బాయి, "నాన్నా, అమ్మను తీసుకుని ఏ సింగపూరో బ్యాంకాకో వెళ్లి రండి. టికెట్లు నేను కొంటాను" అన్నాడు. మన సంఘంలో ఆ ఊళ్లు చూసి వచ్చినవారు చాలామందే ఉన్నారు. అక్కడి అద్దాల మేడల గురించి, వీధుల శుభ్రత గురించి మనకు కథలుగా చెప్పారు. నేను మాత్రం "రంగం చూడాలిరా" అన్నాను. వాడు తెల్లబోయి "రంగం అంటే ఏ ఊరు నాన్నా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు చురుక్కుమని తగిలింది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో మా తాతల కాలంలో రంగం పేరు తెలియని ఇల్లు లేదు. రంగం అంటే రంగూన్. 1989 నుంచి ఆ ఊరి పేరు యాంగోన్, ఆ దేశం పేరు మయన్మార్. మనకు మాత్రం అది బర్మా, అది రంగం.

మా తాతగారి అన్నగారు, అంటే మా పెదతాత, 1924 ప్రాంతంలో కళింగపట్నంలో ఓడ ఎక్కి రంగం వెళ్లారు. మా పెదమామ్మ ఊళ్లోనే ఉండిపోయింది. ఏటా రెండు మూడు మనియార్డర్లు వచ్చేవి. ఆఖరిది 1941 దసరాకు వచ్చిందట. ఆ తరువాత ఉత్తరం లేదు, మనిషి లేడు, పోయాడన్న కబురూ లేదు. కబురు లేదు గనుక మా పెదమామ్మ బొట్టు తీయలేదు. 1968లో కన్నుమూసేదాకా రూపాయి కాసంత బొట్టు పెట్టుకునే ఉంది. తద్దినం పెడదామని ఎవరైనా అంటే "ఎవరు చూశారు? ఏ కాగితం వచ్చింది?" అని కసిరేది.

ఆ కాగితం మాట ముందు ముందు మళ్లీ వస్తుంది. అందుకే ఇక్కడ చెప్పాను.

ఊరు పుట్టిన వైనం

కలకత్తా నుంచి విమానంలో రెండు గంటలు కూడా పట్టలేదు. దిగాక గడియారం మన సమయానికి ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. మా పెదతాత రోజుల్లో ఓడమీద మూడు నాలుగు రోజులు పట్టేది గాని, పాస్‌పోర్టు అక్కర్లేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రమే. కళింగపట్నంవాడు రంగం వెళ్లడం అంటే మద్రాసు వెళ్లినట్టే. మాకు మాత్రం వీసా కావలసి వచ్చింది. అది మా అబ్బాయి కంప్యూటర్లోనే తెప్పించాడు.

ఊరు చాలా రద్దీ. కార్లు ఆగి ఆగి కదులుతాయి. అయితే స్కూటర్ల మోత లేదు, ఎందుకంటే నగరంలో మోటారు సైకిళ్లను నిషేధించారు. ఒక విచిత్రం గమనించాం. 1970లో ప్రభుత్వం రాత్రికి రాత్రి వాహనాలను రోడ్డుకు ఎడమవైపునుంచి కుడివైపుకు మార్చింది. కార్లలో ఎక్కువ భాగం జపాన్ నుంచి వచ్చిన పాతవి కావడంతో స్టీరింగు కూడా కుడివైపే ఉంటుంది. ముందు బండిని దాటాలంటే డ్రైవరుకు ఎదురుగా వచ్చేది కనపడదు. మా ఆవిడ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకుంది.

ఆడా మగా అందరూ లుంగీలే. ఆడవాళ్లు, పిల్లలు చెంపలకు తనఖా అనే చెక్క అరగదీసిన గంధం పూసుకుంటారు. మన మార్వాడీ తనఖాకు, దానికి సంబంధం లేదు. మగవాళ్లు మనలాగే తాంబూలం నములుతూ రోడ్డును ఎర్రగా చేస్తారు. పేవ్‌మెంటు అంతా చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు, టీ దుకాణాలు. కూర్చోగానే ఫ్లాస్కులో గ్రీన్ టీ ఉచితంగా పెడతారు. పాలు పోసిన తియ్యటి టీకి మాత్రం డబ్బు ఇవ్వాలి. సమోసా అక్కడ సమూసా, పరోటా పలాటా. బండిమీద దోసెకూడా ఉంది, దాని పేరు తోషే. "పేరు దోసే గాని రుచి వేరు" అని మా ఆవిడ తీర్పు చెప్పింది.

ఇక చరిత్రకు వస్తాను. 1755లో అలౌంగ్‌పయా అనే బర్మా రాజు ఈ చోటును గెలిచి యాంగోన్ అని పేరు పెట్టాడు. శత్రుత్వాలు తీరిన చోటు అని ఆ పేరుకు అర్థం. 1852లో ఇంగ్లీషువారు రెండో బర్మా యుద్ధంలో దీన్ని పట్టుకున్నారు. తరువాత డాక్టర్ మాంట్‌గొమెరీ, లెఫ్టినెంట్ ఫ్రేజర్ అనే ఇద్దరు అధికారులు నది ఒడ్డున కొత్త నగరానికి పటం గీశారు. సూలే పగోడాను నడిమధ్యన ఉంచి, నిలువు వీధులు, అడ్డ రోడ్లు చదరంగం గళ్లలా వేశారు. సన్న వీధులకు పేర్లకు బదులు నంబర్లు వేశారు. మన రికార్డు రూములో బీరువాలకు నంబర్లు వేసినట్టే. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా దారి తప్పలేదు.

సూలే పగోడా దగ్గర నిలబడితే పగోడా, మసీదు, చర్చి, సిటీ హాలు అన్నీ ఒకే కూడలిలో కనిపిస్తాయి. కాస్త పడమటికి నడిస్తే తమిళులు 1871లో కట్టిన కాళీ అమ్మవారి గుడి, ఇంకొంత దూరంలో యూదుల ప్రార్థనామందిరం. ఇన్ని మతాలవారు ఒకచోట చేరడానికి కారణం ఏమిటి? బియ్యం.

బియ్యం, ఓడలు, మనవాళ్లు

1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఐరోపాకు దారి దగ్గరయింది. ఇరావతి నది డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు. 1930ల నాటికి బర్మా నుంచి ఏటా 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి అయ్యేది. ధాన్యం మిల్లుకు చేరాలి, బియ్యం ఓడకు ఎక్కాలి, పట్నం రోజూ ఊడవాలి. దీనికి మనుషులు కావాలి. ఆ మనుషులు బంగాళాఖాతానికి ఈవలి ఒడ్డు నుంచి వెళ్లారు.

గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడ దగ్గర కోరంగి అని పాత రేవు ఉంది. 1839 తుఫానులో ఆ రేవు దెబ్బతిని మళ్లీ తేరుకోలేదు. దాని పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగు కూలీలందరినీ "కొరంగీలు" అనేవారు. కళింగపట్నంవాడైనా, భీమిలివాడైనా, విశాఖవాడైనా అక్కడ కొరంగీయే.

పద్ధతి ఇలా ఉండేది. మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ టికెట్టు కూడా వాడిదే. అక్కడికి వెళ్లాక ఆ బాకీ తీరేదాకా కూలిలో కోత. కొందరికి బాకీ ఏళ్ల తరబడి తీరేది కాదు. వెళ్లినవారిలో చాలామంది రెండు మూడేళ్లు చేసి తిరిగి వచ్చేసేవారు, మళ్లీ వెళ్లేవారు. 1927లో ఒక్క ఏడాదిలోనే ఇండియా నుంచి బర్మాకు నాలుగు లక్షలమందికి పైగా ఓడ దిగారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు నాలుగు లక్షలు. అందులో భారతీయులు రెండు లక్షల పన్నెండు వేలకు పైమాటే, అంటే సగం కంటే ఎక్కువ. బర్మా రాజధానిలో బర్మావాళ్లే మైనారిటీ. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాత జరిగినవి అర్థమవుతాయి.

సెక్రటేరియట్టూ, ఒక గుమాస్తా

మొదటిరోజు సాయంత్రం నేను ప్రత్యేకంగా చూడాలనుకున్నది సెక్రటేరియట్టు. మనబోటివాళ్లకు అదే గుడి కదా! 1889లో మొదలుపెట్టి 1905 నాటికి పూర్తిచేసిన ఎర్ర ఇటుక భవనం అది. ఒక్కొక్క వరండా రైలు ప్లాట్‌ఫారమంత పొడుగు. అప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయి గనుక కంచె బయటినుంచే చూశాం. 1947 జులై 19న ఆ దేశ స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్‌సాన్‌నూ, ఆయన మంత్రివర్గ సహచరులనూ ఆ భవనంలోనే సమావేశం జరుగుతుండగా కాల్చి చంపారు. ఆరు నెలలు తిరక్కుండానే, 1948 జనవరి 4న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆయన చూడలేకపోయాడు.

2005 నవంబరులో ప్రభుత్వం రాజధానిని ఉత్తరాన నేపిడా అనే కొత్త ఊరికి మార్చింది. ఉద్యోగులను ఫైళ్లతో సహా లారీల్లో తరలించారు. బదిలీ ఆర్డరు వస్తే ఇంట్లో ఎంత గొడవో మనకు తెలియనిది కాదు. అక్కడ మొత్తం రాజధానికే బదిలీ ఆర్డరు వచ్చింది.

రంగంలో గుమాస్తా అంటే ఒకరిని తలుచుకోవాలి. మన తెలుగువారు తమ రచయితే అనుకునే శరత్‌బాబు 1903లో రంగూన్ వెళ్లి, 1916 దాకా బర్మాలోనే ఉన్నారు. పబ్లిక్ వర్క్స్ లెక్కల ఆఫీసులో గుమాస్తాగిరీ చేశారు. 'శ్రీకాంత్' రెండో భాగంలో ఓడ ప్రయాణం, రంగూన్ జీవితం ఆయన కళ్లారా చూసినవే. ఆయన కూర్చున్న కుర్చీ ఎక్కడుందో ఎవరికి తెలుసు? కానీ ఒక గుమాస్తా ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి అన్ని పుస్తకాలు రాశాడని తలుచుకుంటే మనకూ కాస్త గర్వమే.

బంగారు కొండ, పేరులేని సమాధి

రెండోరోజు ష్వేడగాన్ పగోడాకు వెళ్లాం. కొండమీద 99 మీటర్ల ఎత్తున బంగారు తాపడంతో మెరిసిపోతుంది. చెప్పులు, మేజోళ్లు కిందే విప్పాలి. నాలుగు దిక్కులా కప్పువేసిన మెట్లదారులు, వాటికి ఇరువైపులా పువ్వులు, అగరువత్తులు అమ్మే దుకాణాలు. సింహాచలం మెట్లు గుర్తుకొచ్చాయి.

పైన మాకు ఆశ్చర్యం కలిగించినది వారాల పూజ. ఎవరు ఏ వారం పుట్టారో ఆ వారానికి చెందిన బుద్ధ విగ్రహానికి నీళ్లు పోసి మొక్కుకుంటారు. వారానికి ఏడు రోజులే గాని అక్కడ స్థానాలు ఎనిమిది. బుధవారాన్ని రెండుగా చేసి, మధ్యాహ్నం తరువాతి భాగం రాహువుకు ఇచ్చారు! మా ఆవిడ బుధవారం పుట్టింది. పొద్దున్నో సాయంత్రమో తెలియక రెండు చోట్లా నీళ్లు పోసింది.

ఆ పగోడాకు దగ్గరలోనే ఆఖరి మొగలు పాదుషా బహదూర్‌షా జఫర్ సమాధి ఉంది. 1857 తిరుగుబాటు తరువాత ఆయనను ఢిల్లీ నుంచి రంగూన్‌కు ప్రవాసం పంపారు. 1862 నవంబరు 7న పోయాడు. సమాధి ఎవరికీ ఆనవాలు దొరకకూడదని పాతిపెట్టి పైన గడ్డి పెరిగేలా చేశారు. 1991లో కట్టడం పనికి తవ్వుతుంటే అసలు సమాధి బయటపడింది. ఇంకో చిత్రం చూడండి. 1885లో బర్మా ఆఖరి రాజు తీబాను పట్టుకుని ముందు మద్రాసుకు, తరువాత రత్నగిరికి పంపారు. ఆయన 1916లో అక్కడే పోయాడు. మన పాదుషా వాళ్ల గడ్డమీద, వాళ్ల రాజు మన గడ్డమీద!

సమాధి దగ్గర కూర్చుని ఒక్కటే అనుకున్నాను. ఢిల్లీ పాదుషా సమాధి నూట ఇరవై తొమ్మిదేళ్లకు గాని దొరకలేదు. ఇక బస్తాలు మోసిన మా పెదతాత మాట చెప్పాలా!

రేవు గొడవ

మూడోరోజు పొద్దున్నే నదీతీరానికి వెళ్లాం. ఇప్పుడు ఓడలమీద పెద్ద పెద్ద కంటెయినర్లు, క్రేనులు. ఒకప్పుడు అక్కడ మనుషుల వీపులే క్రేనులు.

1930 మే నెలలో రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడలవాళ్లు వారి బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. కొద్దిరోజులకు సమ్మె పరిష్కారమైంది. తెలుగువాళ్లు పనికి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. పని పోయినవాడి కడుపుమంట, పని దొరికినవాడి ఎగతాళి రెండూ కలిసి మే 26న గొడవ మొదలైంది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవాళ్లే.

ఇందులో తప్పు ఎవరిది? నాకు తోచినది చెబుతాను. బస్తా మోసినవాడిదీ కాదు, బస్తా దొరకనివాడిదీ కాదు. ఇద్దరు పేదవాళ్లను ఒకే కూలికి పోటీపెట్టి లాభపడినవాళ్లు గొడవరోజున రేవులో లేరు. బర్మావారి ఊళ్లో వారే సగం కన్నా తక్కువైతే వారికి కోపం రాదా? మన ఊళ్లో అలా జరిగితే మనం ఊరుకుంటామా? మనవాళ్లు పడిన బాధ చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పడం న్యాయం.

నడిచి వచ్చినవారు

1941 డిసెంబరు 23న జపానువారు రంగూన్ మీద బాంబులు వేశారు. క్రిస్మస్ రోజున మళ్లీ వేశారు. రేవు కూలీలు, వీధులు ఊడ్చేవారు, పాకీపని చేసేవారు, చాలామంది మనవాళ్లే, ఊరు వదిలి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక గాని వాళ్లెవరో ఊరికి తెలియలేదు. చెత్త గుట్టలు పడింది. ఓడల్లో సరుకు దించే దిక్కు లేదు. ప్రభుత్వం వాళ్లను బతిమాలి వెనక్కి రప్పించవలసి వచ్చింది. 1942 మార్చి 8న రంగూన్ జపానువారి వశమైంది.

ఓడల్లో చోటు డబ్బున్నవారికి, దొరలకు. మిగతావారు నడిచారు. కొందరు కొండలు దాటి అరకాన్ తీరానికి, అక్కడినుంచి చిట్టగాంగుకు. కొందరు చింద్విన్ నది దాటి తము మీదుగా మణిపురానికి. వందల మైళ్లు. కలరా, మలేరియా, ఆకలి, వానాకాలం. నాలుగైదు లక్షలమంది ఇండియా చేరారు. వేలమంది దారిలోనే పోయారు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. 1943లో బెంగాల్ కరువుకు ఉన్న కారణాల్లో అదొకటి.

మా పెదతాత ఆ నడకలో పోయారో, బాంబుల్లో పోయారో తెలియదు.

యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్లారు, కొందరు అసలు కదలలేదు. 1962 మార్చి 2న జనరల్ నేవిన్ అధికారం తీసుకున్నాడు. దుకాణాలు, మిల్లులు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. ఒక జీవితకాలం దాచుకున్నది ఒక్కరోజులో చిత్తుకాగితం అయింది. అప్పుడు లక్షమందికి పైగా ఓడల్లో ఇండియాకు వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ రోజులదే. నాకప్పుడు పదిహేనేళ్లు. మా హైస్కూల్లో కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. మేం వాళ్లను "బర్మావాడా" అని పిలిచేవాళ్లం. అక్కడ కొరంగీ, ఇక్కడ బర్మావాడు!

నేను పెట్టిన నోటు

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1974లో నేను ఒక ఆఫీసులో బర్మా కాందిశీకుల పునరావాస ఋణాల ఫైళ్లు చూసేవాణ్ణి. ఒక ముసలమ్మ అర్జీ పెట్టుకుంది. బర్మా నుంచి భర్తతో వచ్చింది, వచ్చాక అతను పోయాడు. కుటుంబం మొత్తానికీ ఇచ్చిన ధ్రువపత్రం అతని పేరున ఉంది, అది వానకు తడిసి పాడైపోయింది. ఆమె దగ్గర మిగిలింది ఒక ఫొటో. రైస్ మిల్లు ముందు తలపాగాతో భర్త నిలబడిన ఫొటో. అది గుడ్డలో చుట్టి తెచ్చి నా బల్లమీద పెట్టింది. నేను "ఛాయాచిత్రము సాక్ష్యముగా పరిగణింపబడదు. ధ్రువపత్రము జతపరచనందున అర్జీ తిప్పి పంపవచ్చును" అని నోటు పెట్టాను. పైవారు సంతకం చేశారు. ఆమె మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి రాలేదు.

నిబంధన ప్రకారం నా నోటులో తప్పు లేదు. ఆడిట్టు కూడా అభ్యంతరం చెప్పలేదు. కానీ మా ఇంట్లోనే ఒక పెదమామ్మ కాగితం కోసం ఇరవై ఏడేళ్లు ఎదురుచూసి పోయిందని, ఆ రోజు నా కలానికి గుర్తు రాలేదు. పాత రికార్డులు వెతికి ఒక ప్రతి తీయించవచ్చునేమో అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు.

రైలులో ఒక పెద్దాయన

మూడోరోజు మధ్యాహ్నం సర్క్యులర్ రైలు ఎక్కాం. ఊరు చుట్టూ సుమారు 46 కిలోమీటర్లు, అప్పట్లో మూడు గంటలు తిరిగేది. పెట్టె నిండా కూరల బుట్టలు, పూల కట్టలు. మా ఆవిడ, నేను ఏదో మాట్లాడుకుంటుంటే ఎదురుగా లుంగీ కట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన, మావయసువాడే, ముందుకు వంగి "ఏ ఊరు బావూ మీది?" అన్నాడు.

నా ఒళ్లు జల్లుమంది. అచ్చం మా ఊరి యాస. అతను ఎప్పుడూ ఇండియా చూడలేదు. తాత సోంపేట వైపునుంచి వచ్చాడట. బయట బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. మనవలకు తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడరట. 1942లో వాళ్లు ఎందుకు రాలేదని అడిగాను.

"మా తాతకి కాలు బాగోనేదు బావూ. నడిసినోళ్లు నడిసీసేరు. నడవనేనోళ్లం ఉండిపోనాం" అన్నాడు.

అక్కడ 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం 1823కు ముందునుంచి ఉన్న జాతులకే పూర్తి హక్కు ఇచ్చింది. మిగతావారు ఆధారాలు చూపించి తక్కువ తరగతి కార్డులు తెచ్చుకోవాలి. ఈయన అర్జీ పెట్టి చాలా ఏళ్లయిందట. "కాయితం ఏదో తగ్గిందంట బావూ" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఇక్కడ 1974లో నా బల్ల ముందు కూర్చున్న ముసలమ్మ, అక్కడ ఈయన, ఇద్దరి దగ్గరా తగ్గింది ఒక్క కాగితమే. దిగేముందు అతని తాత పేరు, ఊరు పేరు నా డైరీలో రాసుకున్నాను. తిరిగి వచ్చాక ఆ ఊరు వెళ్లి విచారించాను. ఒక కుటుంబంవారు "మా ముత్తాత అన్న ఒకాయన రంగం పోయాడని వినడమే" అన్నారు. అంతవరకే తేలింది.

ఆ సాయంత్రం పాన్‌సొడాన్ రేవులో లాంచీ ఎక్కి నది ఆవలి ఒడ్డున ఉన్న దలాకు వెళ్లి వచ్చాం. తిరుగు లాంచీలో మా ఆవిడ సంచీలోంచి చిన్న పొట్లం తీసింది. నువ్వులు. ఇంటినుంచే తెచ్చిందట, నాతో చెప్పలేదు. "పెదమామ్మగారు ఉన్నన్నాళ్లు వద్దన్నారు. ఇప్పుడు ఆవిడా లేరు. ఇక్కడే వదలండి" అంది. శాస్త్రప్రకారం సరో కాదో పురోహితులు చెప్పాలి. పెదతాత పేరు, గోత్రం చెప్పి నువ్వులు, నీళ్లు వదిలాను. తరువాత పేరు తెలియని వాళ్లందరికీ అని ఇంకోసారి వదిలాను. ఆ ముసలమ్మ భర్తకు, దారిలో పోయినవాళ్లకు, రేవులో చచ్చిపోయినవాళ్లకు, మనవాళ్లకూ బర్మావాళ్లకూ.

మనవి

మేం వచ్చిన మూడేళ్లకు, 2021 ఫిబ్రవరి 1న అక్కడ మళ్లీ సైన్యం అధికారం తీసుకుంది. డాక్టర్లు, టీచర్లు, రైల్వేవారు, ఆఫీసు ఉద్యోగులు వేలాదిగా విధులకు వెళ్లమని నిరసన తెలిపారు. చాలామంది ఉద్యోగాలు, ఉండే క్వార్టర్లు పోగొట్టుకున్నారు. 2025 మార్చి 28న మాండలే దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. అందుచేత వెంటనే బయలుదేరి రంగం చూడండని నేను చెప్పడం లేదు. రైలులో కలిసిన పెద్దాయనకు కార్డు వచ్చిందో లేదో అని మాత్రం లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడల్లా అనుకుంటాను. మనం బతికి ఉన్నామని ఏటా ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు, ప్రభుత్వం నమ్ముతుంది. అదెంత అదృష్టమో అతన్ని చూశాక తెలిసింది.

సభ్యులకు ఒక విన్నపం. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల సభ్యుల ఇళ్లలో రంగం వెళ్లినవారు తప్పక ఉంటారు. ట్రంకు పెట్టె అడుగున మనియార్డరు కూపను, ఓడ టికెట్టు, ఫొటో ఏదైనా ఉంటే పారేయకండి. ఏమీ లేకపోతే ఇంట్లో పెద్దవారిని అడిగి పేరు, ఊరు, వెళ్లిన సంవత్సరం, తిరిగి వచ్చారా లేదా అన్న నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసి సంఘ కార్యాలయంలో ఇవ్వండి. ఒక రిజిస్టరు తెరుద్దామని కార్యదర్శిగారిని అడిగాను, ఒప్పుకున్నారు. వరుస నంబర్లు వేసి, కాలమ్స్ గీసి ఆ రిజిస్టరు రాసే పని నేను చూసుకుంటాను. అందులో ధ్రువపత్రం జతపరచాలన్న కాలమ్ ఉండదు.

మొదటి నంబరులో మా పెదతాత పేరు రాశాను. రెండో నంబరు ఆ ముసలమ్మ భర్తకు. పేరు గుర్తులేదు గనుక "రైస్ మిల్లు ముందు తలపాగాతో ఉన్నవారు" అని రాశాను. మూడో నంబరు నుంచి ఖాళీగా ఉంది.